హందిజ్వరం సూట్లకు నేను పెట్టిన పసుపు

కొంచెం దగ్గరికి జరిగి కూర్చోండి. చేతిలో పనుంటే పక్కన పెట్టనక్కర్లేదు, అనపకాయలు ఒలుస్తూ కూడా వినవచ్చు. నోట్లో నీళ్ళు మాత్రం పోసుకోకండి, అవి నా మీదే పడతాయి. ఒక ఆసుపత్రి మొత్తానికి గేటు వేయించి, బెంగళూరు పెద్ద డాక్టరుకు ముచ్చెమటలు పట్టించిన మనిషి మీ ఎదురుగా కూర్చుని ఉంది. అదీ చిటికెడు పసుపుతో.

అప్పట్లో నేను చింతామణి వైపు ఒక ఆసుపత్రిలో ఆయాను. పేరు చెప్పను, చెబితే దాని గోడలు కూడా సిగ్గుపడతాయి. ఆ ఏడాది హందిజ్వరం వచ్చింది. పేపర్లలో స్వైన్ ఫ్లూ అని రాసేవారు. బాగేపల్లి బస్సులో ఒకడు తుమ్మితే డ్రైవరుతో సహా అందరూ ఊపిరి బిగబట్టేవాళ్ళు. అలాంటి రోగి వస్తే ఉంచడానికి మా ఆసుపత్రిలో చివరి గదిని ఖాళీ చేసి, సున్నం కొట్టించి, దానికి వేరే దారి పెట్టారు. ఆ గదిలోకి వెళ్ళేవాళ్ళకు తల నుంచి కాలి దాకా కప్పే తెల్ల సూట్లు వచ్చాయి. ఒక్కొక్కటీ ఒక్కో ప్లాస్టిక్ సంచిలో, సీలు వేసి, బీరువా నిండా.

ఆ గదిలో మొదట అడుగు పెట్టవలసిన నర్సు పద్మ. మండికల్ పిల్ల, ఇంకా పాలు మరవని బిడ్డ తల్లి. రోజూ మధ్యాహ్నం అత్త బిడ్డను గేటు దగ్గరికి తెస్తే, పాలిచ్చి మళ్ళీ డ్యూటీకి వచ్చేది. నన్ను రత్నక్కా అని పిలిచేది. ఆ పిలుపు కోసమే ఆ వార్డు రెండోసారి కూడా తుడిచేదాన్ని.

మాకు నేర్పించడానికి బెంగళూరు నుంచి పెద్ద డాక్టరు వచ్చాడు. సూటు ఎలా తొడగాలి, ఎలా విప్పాలి, అన్నీ చూపించాడు. చివరగా ఒక మాట చెప్పాడు. కొత్త జబ్బు పేరు చెప్పుకొని రాదట. ఒకరి ఒంటి మీద మచ్చ కనిపిస్తే గమనించమన్నాడు. అదే మచ్చ, అదే చోట, ముగ్గురికి ఒకేసారి కనిపిస్తే మాత్రం ఇక ఆలోచించకుండా గేటు మూయమన్నాడు. మరునాడు ఉత్తుత్తి రోగిని పెట్టి పరీక్ష చేస్తానన్నాడు.

అందరూ ఆ మాటలు రాసుకుంటున్నారు. నా కళ్ళు మాత్రం బీరువా మీద ఉన్నాయి. మీరే చెప్పండి, అవి కొత్త బట్టలా కాదా? మా ఇళ్ళలో చేతిగుడ్డ కొన్నా కొసన పసుపు పెట్టందే వాడం. అలాంటిది పాలిచ్చే తల్లి, అంత పాడు జబ్బున్న గదిలోకి, పసుపు తగలని కొత్తబట్ట వేసుకొని పోవడమా? నా ప్రాణం ఒప్పుకోలేదు.

అందరూ భోజనాలకు పోయారు. బీరువా తుడిచే పని నాదే కాబట్టి తాళంచెవి నా దగ్గరే ఉంది. సంచి విప్పి, మెడపట్టీ లోపలి వైపు, ఎవరికీ కనబడని చోట, తడి పసుపు బొటనవేలితో అద్ది, మళ్ళీ మడిచి, కట్లు కట్టే తెల్ల ప్లాస్టరుతో సంచి మూతి అతికించాను. పద్మ వేసుకునే సూటు ఏదో నాకెలా తెలిసింది అంటారా? ఆ సంగతి చివర చెబుతాను.

మరునాడు పరీక్ష. అంబులెన్సు డ్రైవరు శ్రీరామప్ప రోగి. కెంచార్లహళ్ళి మనిషి. పొద్దున్నే కడుపు నిండా ఇడ్లీలు తిని వచ్చి, జ్వరమని మూలగమంటే ప్రసవానికి వచ్చినట్టు మూలిగాడు. అతని చేతులకూ చొక్కాకూ నీలం పొడి పూశారు. అదే జబ్బు అనుకోవాలట. లోపలికి పోయినవాళ్ళు బయటికొచ్చి సూటు విప్పాక, ఒంటి మీద ఎక్కడా నీలం కనబడకూడదు.

సంచులు విప్పి ఇచ్చింది నేనే, కనుక ప్లాస్టరు సంగతి ఎవరూ చూడలేదు. పద్మా, యశోద అనే ఇంకో నర్సూ, మా చిన్న డాక్టరూ లోపలికి పోయారు. చెమటతో తడిసి ముద్దై బయటికొచ్చి, నేర్పినట్టే సూట్లు విప్పారు. పెద్ద డాక్టరు చేతులు చూశాడు, మొహాలు చూశాడు. ఎక్కడా నీలం చుక్క లేదు. భేష్ అన్నాడు. ఇక సబ్బుతో చేతులూ మెడా కడుక్కుంటే పరీక్ష అయిపోయినట్టే.

పద్మ కొళాయి దగ్గర మెడ వెనక సబ్బు రుద్దింది. నురగ ఎర్రగా వచ్చింది.

యశోద ముందు చూసింది. "పద్మా, నీ మెడెనక ఏమే అది?" అంటూనే తన మెడ తడుముకుంది. తన వేళ్ళూ ఎర్రనే. చిన్న డాక్టరు మెల్లగా తన మెడ మీద సబ్బుచెయ్యి పెట్టి, తీసి చూసుకున్నాడు. ఒకే మచ్చ, ఒకే చోట, ముగ్గురికి.

పెద్ద డాక్టరు మొహం సున్నం కొట్టిన గోడలా అయింది. "గేటు మూయండి," అన్నాడు.

శ్రీరామప్ప స్ట్రెచర్ మీద నుంచి లేచి కిటికీ ఎక్కాడు. "నేను ఉత్తుత్తి రోగిని సార్, నన్ను ఇడ్సిపెట్టండి," అని కమ్ముల మధ్య తల దూర్చాడు. తల దూరింది. ఇడ్లీలు దూరలేదు.

మరి నాకైనా అప్పుడు తెలిసి ఉండాలి కదా అంటారు. ఊళ్ళో ఎవరింట పెళ్ళైనా పసుపూ సున్నమూ కలిపి ఎర్రనీళ్ళు తీసే చేతులు ఇవి. అయినా భయం నా బుర్రను కడిగి బోర్లించేసింది. గోడకు కరుచుకొని తెలిసిన దేవుళ్ళనందరినీ పిలుస్తూ నిలబడ్డాను.

సరిగ్గా అప్పుడే పద్మ అత్త గేటు బయట బిడ్డతో కనిపించింది. పద్మ అడుగులో అడుగు వేస్తూ వెనక్కి, ఇంకా వెనక్కి పోయి గోడకు ఆనుకుంది.

"అత్తా, బిడ్డను తీసుకొని పో."

"ఏమైందే? పాలకు ఏడుస్తాండాది."

"ఆవుపాలు పట్టు. నన్ను బెంగళూరు ఆసుపత్రికి తీసుకొనిపోతారు. నా బట్టలు కూడా వానికి తగలనీయద్దు."

బిడ్డ ఆ గొంతు విని చేతులు చాచాడు. పద్మ మొహం గోడకు తిప్పుకుంది. అప్పుడు చూశాను నేను. ఆమె తెల్ల రవిక మెడ మీద ఎర్ర మరక. దాని చుట్టూ, సబ్బు తగలని చోట, పచ్చటి అంచు.

గోడ వదిలి పెద్ద డాక్టరు ముందుకు పోయాను.

"సార్, అది జబ్బు కాదు," అన్నాను.

"పక్కకు జరుగమ్మా."

"అది నేను సార్."

"నువ్వేంటమ్మా?"

నడుము సంచిలోంచి పసుపు తీసి, అరచేతిలో వేసి, సబ్బుతో రుద్ది ఆయన ముందు చాచాను. నెత్తురంటి ఎరుపు. ఆయన నా చెయ్యి పట్టుకొని వాసన చూశాడు. పద్మ వైపు చూశాడు. మళ్ళీ వాసన చూశాడు. "గేటు తీయండి," అన్నాడు.

పద్మ ఎలా పరుగెత్తిందో నేను చెప్పలేను. గేటు పక్కనే కూలబడి, బిడ్డను గుండెకు హత్తుకొని, నా వైపు చూసి ఏడుస్తూ నవ్వింది. నేను నవ్వే ధైర్యం చేయలేదు.

పెద్ద డాక్టరు నన్ను పిలిచాడు. తిట్టలేదు, అదే ఇంకా భయం. సీలు విప్పిన సూటును ఇక నమ్మడానికి లేదని, లోపలికి పోయేవాళ్ళ ప్రాణానికి ఆ సీలే కాపలా అని, మెల్లగా విడమరచి చెప్పాడు. నేను తల వంచుకొని విన్నాను.

"సరే, ఈ మూడింటికే కదా పెట్టింది?"

నేను కాలి బొటనవేలితో నేల రాస్తూ నిలబడ్డాను.

"చెప్పమ్మా."

"బీరువాకంతా పెట్టినాను సార్. ఏది పద్మదో నాకు యాడ తెలుస్తాది? అయినా ఒకరికి పెట్టి ఇంకొకరికి పెట్టకుంటే బాగుంటాదా?"

ఆయన శ్రీరామప్ప ఖాళీ చేసిన స్ట్రెచర్ మీద మెల్లగా కూర్చున్నాడు. తర్వాత పడుకున్నాడు.

కొత్త సూట్లు వచ్చాయి. తాళంచెవి పద్మ నడుముకు పోయింది. కొన్నాళ్ళకు నిజం రోగి కూడా వచ్చాడు. ఆ రోజు పెద్ద డాక్టరు ఉన్నాడు. పద్మ సూటు తొడుక్కుంటుంటే నేను రెండు చేతులూ వెనక్కి కట్టుకొని దూరంగా నిలబడ్డాను. ఆయన నన్నే కాసేపు చూసి, "రత్నమ్మా, సూటుకు వద్దు. రోగి వచ్చేలోపు గడపకు పెట్టుకో," అన్నాడు. పెట్టాను. లోపలికి పోయిన పద్మ ఆ గడప దాటే బయటికొచ్చింది. రోగి కూడా నయమై తన కాళ్ళతోనే దాటి ఇంటికి పోయాడు.

అందుకని ఈ అనపగింజల మీద ఒట్టేసి చెబుతున్నాను. ఈ జన్మలో సీలున్న సంచి జోలికి పోను. బిస్కెట్టు పొట్లమైనా సరే, మీ చేత విప్పించుకొనే తింటాను.

ఇంత ఓపికగా విన్నారు. మీ ఇంటి గడప మీద పసుపు ఎన్నడూ వెలిసిపోకుండా, బయటికి పోయిన ప్రతి మనిషీ ఆ గడప దాటి చల్లగా లోపలికి వచ్చేలా ఉండాలి మీ ఇల్లు.