తెల్లారకట్ట బడి

చోడవరంలో మా వీధిలో బాలవాడి, అంటే పసిపిల్లల బడి, మొదలుపెట్టింది ఆడవాళ్ళం. ఈ మాట ఎవరు కాదన్నా ఒప్పుకోను. ఊళ్ళో అప్పటికి పంచదార ఫ్యాక్టరీ లేదు. చెరుకంతా గానుగాడి బెల్లం వండవలసిందే. గానుగాట మొదలైతే ఆడా మగా తెల్లవారకముందే పొలంలో ఉండాలి. పిల్లల్ని చంకనేసుకుని పోదామా అంటే అక్కడ పెనాల్లో పాకం కుతకుతా ఉడుకుతుంటుంది. ఒక ఏడాది పక్కింటావిడ కొడుకు కాలి మీద పాకం ఒలికి బొబ్బలెక్కిపోయింది. వాడి ఏడుపు విన్నాక నాకు నిద్ర పట్టలేదు. అందుకే ఖాళీగా పడున్న ధాన్యం కొట్టొకటి అడిగి పుచ్చుకుని, అలికి, పిల్లల్ని అక్కడ ఉంచడం మొదలుపెట్టాం. చీకటితోనే బడి తెరిచేవాళ్ళం. వంతులవారీగా ఒక తల్లి పని మానుకుని కూర్చునేది. ఎండెక్కాక ఒక పంతులమ్మ వచ్చి పాటలు నేర్పేది.

బాగా సాగుతుంటే బ్లాకు ఆఫీసువారి కన్ను పడింది. మంచికేననుకోండి. పలకలు, పాలపొడి, చెక్కబొమ్మలు ఇచ్చారు. కాకపోతే బడి నడపడానికి తల్లిదండ్రుల సంఘం ఉండాలన్నారు. సంఘం వెలిసింది. అందులో తండ్రులే తప్ప తల్లి ఒక్కతె లేదు! మా వీధి పెద్దాయన ప్రెసిడెంటు, మా ఆయన సెక్రటరీ. కండువా సర్దుకుంటూ ఇంటికొచ్చిన ఆయన ఠీవి చూసి తీరాలి.

"మన బడికీ ఓ పద్దతొచ్చిందే. పెద్ద బడిలాగ పదింటికి తెరుస్తాం," అన్నారు.

"పదింటికా? అప్పుటిదాకా గుంటని ఎవులు సూస్తారయ్యా?"

"నీతో అట్టుకెళ్ళు. సంఘం తీర్మానమది. మార్సడానికి నానెవుల్ని?"

నాకు ఒళ్ళు మండిపోయింది. మా గుంటకి, అదే మా చిన్నదానికి, మూడేళ్ళు. ఒక్క క్షణం ఒకచోట నిలవదు. దాన్ని ఆ పెనం పక్కకి ఎలా తీసుకెళ్ళను? ఆ కోపంలోనే వీధిలో ఇల్లిల్లూ తిరిగాను.

"సంఘం తండ్రులదైతే పిల్లల్నీ తండ్రులే సూసుకుంటారు. రేపు అందర్నీ ప్రెసిడెంటుగోరి అరుగు మీద దింపేద్దాం," అన్నాను.

ఒకరిద్దరు ముక్కున వేలేసుకున్నారు. పక్కింటావిడ మాత్రం, "నాను ముందొస్తాను, పద," అంది.

మర్నాడు చీకటితో అంతా కదిలాం. నిద్రమొహాల పిల్లల్ని దుప్పట్లతో సహా అరుగు మీద కూర్చోబెట్టాం. ప్రెసిడెంటుగారు నోట్లో పందుంపుల్లతో బయటికొచ్చి అలాగే నిలబడిపోయారు.

"ఏటమ్మా ఇదీ?"

"బడి పదింటికి గదా బాబూ. అప్పుటిదాకా మీ సంఘం సూసుకుంటాది," అని చెప్పి, గానుగ దగ్గరికి వెళ్ళిపోయాం.

ఆయన సంఘంలో అందరికీ కబురంపారట. ఏం లాభం? ఎండెక్కకముందే తండ్రులు ఓడిపోయారు. ఒకడు ఏడుస్తాడు, ఒకతె పారిపోతుంది, ఇంకొకడు ప్రెసిడెంటుగారి పంచె తడిపేశాడు. అటు గానుగ దగ్గర ఎడ్లు తోలేవాళ్ళు లేరు. చివరికి ఏం చేశారనుకున్నారు? పిల్లల్ని భుజాలకెత్తుకుని మా దగ్గరికే వచ్చేశారు, తిన్నగా పొయ్యి దగ్గరికి!

మా ఆయన పిల్లని కిందికి దించి, నాతో దెబ్బలాడ్డానికి నోరు తెరిచారో లేదో, అది ఆయన చెయ్యి విడిపించుకుని బెల్లం వాసనకి పెనంవైపు పరుగెత్తింది. నా నెత్తిన చెరుకు మోపు. అరిచానే గానీ అందుకోలేకపోయాను. ఆయనే దూకి, పెనం అంచు దగ్గర దాని గౌను పట్టుకుని వెనక్కి లాగారు. లాగి, అక్కడే పిప్పి కుప్ప మీద కూలబడ్డారు. దాన్ని గుండెకి అదుముకున్నారు. నేను మోపు కింద పడేసి పరుగెత్తి, దాని కాళ్ళూ చేతులూ తడిమి చూశాను.

సాయంత్రం ప్రెసిడెంటుగారి ఇంట్లో సంఘం కూర్చుంది. ఆడవాళ్ళం వీధిలో నిలబడి వింటున్నాం. మా ఆయన లేచారు.

"బడి సీకటితోనే తెరవాల. నాను సెక్రెట్రీగా మానేస్తన్నాను. నా బదులు మా ఇంటిదాన్ని పెట్టండి."

ప్రెసిడెంటుగారు నవ్వారు. "ఆడమనిషి మీటింగులకొస్తే మీ గుంటని ఎవులు సూస్తారయ్యా?"

"నాను సూస్తాను," అన్నారు మా ఆయన.

ఆ మాట చాలింది నాకు. నేను కొంగు బిగించి, ఎవరూ పిలవకుండానే మెట్లెక్కి లోపలికి వెళ్ళి కూర్చున్నాను.