సగం పూట పోస్టక్క

సగం పూట ఉద్యోగానికి రోజంతా తిరిగే ఆవిడను చుట్టుపక్కల ఊళ్లన్నీ పోస్టక్క అంటాయి. సైకిలు ఆవిడ సొంతం, పంక్చర్లూ సొంతమే. బెల్లు పోయి చాలాకాలమైంది కాబట్టి మలుపు వస్తే గొంతెత్తి పాడుతుంది. మేకలు సైతం హడలిపోయి దారిస్తాయి. ఏ ఇంటికెళ్లినా ఉత్తరం ఇచ్చిన చేతికి ఇంకో పని తగులుకుంటుంది: సూదిలో దారం ఎక్కించాలి, గింజుకునే దూడను పట్టుకోవాలి, అలిగిన కోడలికి నచ్చజెప్పాలి. కాదనడం ఆవిడకు చేతకాదు, నవ్వాపుకోవడం అసలే చేతకాదు.

"నాలుగు ఉత్తరాలు పంచడానికి ఇంతసేపా? నీ పనివేళలో ఓ గంట కోసేస్తాను," అంటూ ఒకరోజు పై ఆఫీసరు అరువు సైకిలు మీద వెంటబడ్డాడు. గంట పోతే ఆ మేరకు జీతమూ పోతుందని పోస్టక్క గబగబా తొక్కింది. మొదటి ఇంటి గుమ్మంలో ఆయన గడియారం చూసుకుంటూ బిగుసుకుని నిలబడ్డాడు. ఆ పక్కింట్లోనే దూడ ఆయన చేతికొచ్చింది. ఆపైన ఒక ముసలమ్మ దగ్గుతూనే ఆయన్ని పీట మీద కూర్చోబెట్టి సూది అందించింది. పొద్దు వాలాక ఆయన బూట్లనిండా పేడతో వెనుదిరిగాడు.

"గంట తగ్గిస్తారా సార్?" అని పోస్టక్క బిక్కుబిక్కుమంటూ అడిగింది.

"అది తర్వాత. ముందు దగ్గుమందు ఎక్కడ దొరుకుతుందో చెప్పమ్మా. రేపు తెస్తానని మామ్మగారికి మాటిచ్చాను."

మలుపేమీ లేకపోయినా పోస్టక్క పాటందుకుంది.