నానమ్మకు భయం వేసిన రోజు

నా చిన్నప్పుడు, రాజోలు దగ్గర మా ఊళ్ళో ముస్లింల ఇళ్ళల్లో ఏ ఆడమనిషి పోయినా మా నానమ్మకే కబురొచ్చేది. శవానికి స్నానం చేయించి, కఫన్ గుడ్డ చుట్టేది ఆవిడే. "ఇచ్చినవాడే తీసుకెళ్ళేడు, భయపడకండమ్మా" అంటూ ఏడ్చేవాళ్ళ వీపు నిమిరేది. చావంటే భయంలేని మనిషి మా ఇంట్లో ఉందని బడిలో గొప్పలు చెప్పుకునేదాన్ని.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఆవిడ ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. ఇక చేసేదేమీ లేదని అమలాపురం ఆస్పత్రి నుంచి ఇంటికి పంపేశారు. ఆ తర్వాత బతికిన రెండు రోజులూ ఎవరు మంచం దగ్గర్నుంచి లేవబోయినా "వెళ్ళకండే, నాకు భయంగా ఉంది" అని చెయ్యి పట్టుకునేది. మౌల్వీగారు వచ్చి, పోయేముందు అనాల్సిన కల్మా చెబితే సగం అని, ఆయాసంతో ఆగిపోయింది. ఆయన వెళ్ళాక మా మేనత్త ఉండబట్టలేకపోయింది.

"ఐదు పూటలా నమాజు చేసిన మనిషివి, నీకు భయమేంటమ్మా? ఈమాన్ ఉన్నోళ్ళు, అల్లాని నమ్మినోళ్ళు ఇలా అరుస్తారా? నలుగురూ వింటే ఏవనుకుంటారు!"

నానమ్మ గోడవైపు తిరిగిపోయింది.

మధ్యాహ్నం నమాజుకు అందరూ లేచినప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను. ఆవిడ చెవి దగ్గర నోరుపెట్టి కల్మా చదివాను. మళ్ళీ చదివాను. "అను నానమ్మా, అనకపోతే అల్లా నిన్ను రానివ్వడు" అని ఏడ్చాను.

ఆవిడ ఇటు తిరిగి, చేత్తో నా మొహం తుడిచింది. మాటకీ మాటకీ మధ్య ఊపిరి వెతుక్కుంటూ అడిగింది. "నీకు భయమేస్తే ఏం చేస్తావే?"

"అమ్మని పిలుస్తాను."

"భయపడ్డావని మీ అమ్మ రాకుండా ఉంటాదా? నేనూ ఆయన్ని అలాగే పిలుస్తున్నానే. భయం మాత్రం పోట్లేదు."

సాయంత్రం అజాన్‌కి ముందే ప్రాణం పోయింది. "యా అల్లా" అన్న ఒక్క కేక విన్నాను. కల్మా పూర్తయిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. "ప్రశాంతంగా వెళ్ళిపోయిందండీ" అని వచ్చినవాళ్ళకు మేనత్త చెప్పింది.

ఇప్పుడు నాకు ఆవిడ వయసు. డాక్టరుగారు నా స్కానింగు చూసి మా అబ్బాయిని పక్కకు పిలిచిన రోజు నుంచి, సజ్దాలో నుదురు నేలకు ఆనగానే ఒళ్ళంతా వణుకుతోంది. ధైర్యం తెచ్చుకోమని అందరూ అంటారు. రాదు. కానీ భయపడినందుకు దేవుడి ముందు సిగ్గుపడక్కర్లేదన్నది ఒక్కటే నానమ్మ నాకిచ్చి పోయింది. అందుకని ఆయనతో దాచకుండా చెప్పుకుంటాను, భయంగా ఉందని. ఇంతవరకు జవాబేమీ వినపడలేదు. అయినా వేళ కాగానే నమాజు చాప పరుస్తున్నాను.