కబురు లోపల నిలవాలంటే

మా వెనక వీధి మాస్టారు పోయారు. పోయిన వారం పొద్దున్నే నేను పూజలో ఉండగా ఆయన కోడలు వచ్చి చెప్పింది. నామాలు మధ్యలో ఆపడం నాకు అలవాటు లేదు. ఆ రోజు ఆపాను.

ఆయన మెడికల్ కాలేజీలో ఫిజియాలజీ చెప్పి రిటైరయ్యారు. మెదడువాపు వచ్చి తగ్గాక మా చెల్లెల్ని గుంటూరు బ్రాడీపేటలో నా దగ్గరికి తెచ్చుకున్నాను. తనకి పాతవన్నీ గుర్తున్నాయి, కొత్తది ఏదీ నిలవడం లేదు. రోజూ "ఇది ఎవరిల్లక్కా?" అనేది. సంగతి విని మాస్టారు తనంతట తానే వచ్చి, కొత్తది గుర్తుండేలా నేర్పి చూస్తానన్నారు.

"ఇది మందు కాదమ్మా. ఫలితం ఎంతవరకు వస్తుందో చెప్పలేను" అన్నారు ముందే. తర్వాత వివరించారు. మెదడులో ఒక కణం ఇంకో కణానికి గ్లూటమేట్ అనే రసాయనంతో కబురు పంపుతుందట. అందుకునే చోట రెండు రకాల గ్రాహకాలు ఉంటాయి. మొదటిది కబురు తగలగానే తెరుచుకుంటుంది. రెండోదానికి మెగ్నీషియం అడ్డుపడి ఉంటుంది. కబురు వచ్చేసరికి దాన్ని అందుకునే కణం కూడా లోపల బాగా లేచి ఉంటేనే ఆ అడ్డు తొలగి కాల్షియం లోపలికి వస్తుంది. దాంతో మొదటి రకం గ్రాహకాలు మరిన్ని పైకి వచ్చి చేరతాయి. ఆపైన చిన్న కబురైనా గట్టిగా అందుతుంది. ఆ బలం చాలాకాలం ఉండిపోతుంది.

"పిలుపొక్కటే చాలదు, లోపల మెలకువ ఉండాలి. నీ జపమైనా అంతేగా?" అని నవ్వారు. అప్పటినుంచి నేను నామాలు నెమ్మదిగా చదువుతున్నాను.

ఆయన రోజూ సాయంత్రం వచ్చి, మొదట చెల్లెలితో గొడవ పెట్టుకునేవారు. మాది ప్రకాశం జిల్లా మిరప రైతుల కుటుంబం.

"మీ కాయల్లో రంగే గానీ కారమెక్కడుందమ్మా?"

"ఒకటి నమిలి మాట్లాడండి. మీ గుంటూరు వాళ్ళకి మిర్చి యార్డు ఉంది గానీ నాలుక లేదు."

"ఆ, లేచింది. ఇప్పుడు విను. నేను వెనక వీధి మాస్టారిని."

కాసేపాగి "నేనెవరిని?" అని తననే అడిగేవారు. నేను పక్కనుంచి జవాబు అందించబోతే వేలెత్తి ఆపేవారు. వెళ్ళేటప్పుడు మా ఇద్దర్నీ తన ఇంటిదాకా నడిపించేవారు. నెలల తరబడి అదే గొడవ, అదే మాట, అదే దారి. ఒక సాయంత్రం గేటు చప్పుడు కాగానే చెల్లెలు, "వచ్చారా వెనక వీధి మాస్టారు, నాలుక లేని మనిషి" అంది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. జబ్బు తర్వాత తను నేర్చుకున్న కొత్త మనిషి ఆయనొక్కరే.

ఆయన పోయారని తనకి చెప్పాను. ఏడ్చింది. సాయంత్రం గేటు దగ్గర నిలబడి "మాస్టారు ఇంకా రాలేదేం?" అంది. మళ్ళీ చెప్పాను. మళ్ళీ కొత్తగా ఏడ్చింది. రోజూ ఇదే. పక్కింటావిడ చూడలేక, "ఎందుకండీ ఆవిణ్ణి రోజూ ఏడిపిస్తారు? ఊరెళ్ళారని చెప్పండి, సరిపోతుంది" అంది. దేవుడి ముందు కూర్చుని ఆలోచించాను. ఇక అలాగే చెబుదామనుకున్నాను.

ఇవాళ కాఫీ ఇస్తుంటే, నేను నోరు తెరవకముందే తనే అంది. "అక్కా, మాస్టారు లేరు కదా. వాళ్ళ కోడలిని పలకరించి వద్దామా?"

ఇంత బాధ తనలో నిలిచినందుకు దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. ఇద్దరం బయల్దేరాం. తనకి దారి గుర్తుందో లేదోనని వీధి మలుపులో నేను ఆగాను. చెల్లెలు ఆగలేదు. కొంగు సర్దుకుని ఎడమకు తిరిగి, ఆయన ఇంటివైపు తనే ముందు నడిచింది.