కొత్త నీళ్ళ మర్యాద

తొంభైల చివర్లో నేను పర్యావరణ శాస్త్రంలో ఎమ్మెస్సీ చదివేవాణ్ణి. రొయ్యల చెరువుల నీళ్ళు ఎంత పాడయ్యాయో పరీక్షించడం నా ప్రాజెక్టు. పాడైన నీళ్ళు దొరక్కపోతే నాకు డిగ్రీ లేదు. భీమవరం దగ్గర ఒక రైతుగారు రమ్మంటే, సముద్రాన్ని ఎత్తుకొచ్చేంత సంచీలో పది సీసాలు వేసుకుని వెళ్ళాను.

చెరువు చూసి నా డిగ్రీ పోయిందనుకున్నాను. నీళ్ళు కొబ్బరినీళ్ళలా ఉన్నాయి.

"యూనివర్సిటీ నుంచి మీరొస్తున్నారని నిన్నంతా ఇంజను పెట్టి నీళ్ళు మార్పించానండి," అన్నారాయన, పెళ్ళివారికి విడిది చూపిస్తున్నట్టు. "ఆ పాత నీళ్ళు చూపిస్తే మా పరువేం కావాలి?"

"నాకు కావలసింది అవేనండీ! ఏం చేశారు వాటిని?"

"అందరూ చేసేదేనండి. మురుగు కాలవలోకి తోలేశాం. కింద వరిచేలకి పోతాయి."

నేను గట్టెక్కి, ఒలింపిక్స్ వాళ్ళు చూస్తే సిగ్గుపడేలా పరిగెత్తాను. వరిచేల దాకా కాలువ పొడవునా సీసాలు నింపాను. ఆయన గొడుగు పట్టుకుని వెనకే వస్తూ, "ఆ కంపు నీళ్ళెందుకండీ బాబూ, మా చెరువులోవి పట్టుకెళ్ళండి," అని బతిమాలుతూనే ఉన్నారు.

చెరువు నీళ్ళు ఎక్కడికి పోతున్నాయన్నదే చివరికి నా ప్రాజెక్టు అయింది. డిగ్రీ వచ్చింది.