చెప్పు మీద రాయి

నాకు లైనంటే గౌరవం. నవ్వకండి. కొందరికి గుడి, కొందరికి చర్చి, నాకు లైను. ముందొచ్చినవాడు ముందు, వెనకొచ్చినవాడు వెనక. అంతకంటే పెద్ద న్యాయం నేనెక్కడా చూడలేదు. కిరసనాయిలుకి నిలబడ్డాను, యూరియాకి నిలబడ్డాను, గుంటూరు యార్డు బయట మిరపకాయల ట్రాక్టరు మీద రెండేసి రోజులు కూర్చున్నాను. ఒక్కనాడూ ఎవడి చేతిలోనూ నోటు పెట్టి ముందుకు పోలేదు. మధ్యలో దూరినవాణ్ణి చూస్తే మాత్రం ఒళ్ళు మండిపోయేది. చొక్కా పట్టుకుని లాగేవాణ్ణి. రాకపోతే కొట్టేవాణ్ణి. మా పర్చూరు చుట్టుపక్కల ఈ సంగతి అందరికీ తెలుసు. అది నాకు గొప్పగా కూడా ఉండేది, సిగ్గులేని వెధవని.

పత్తి విత్తనాల కోసం జనం కొట్టుకు చచ్చిన సంవత్సరాలవి. రెండువేలు దాటి నాలుగైదేళ్ళయింది. మా దగ్గర లైన్లో మనిషే నిలబడాలని లేదు. తెల్లారేసరికి కొట్టు దగ్గరికి వెళ్ళి, ఎడమకాలి చెప్పు విడిచి, ఎవరూ జరపకుండా దానిమీద ఒక రాయి పెట్టి, గోడ నీడకి పోయి కూర్చుంటాం. పొద్దున తొమ్మిదయ్యేసరికి వీధి పొడుగునా చెప్పులే. ఎవరి చెప్పు వాళ్ళకి తెలుసు. పక్కవాడి చెప్పుని జరిపినవాడికి ఆ ఏడు ఊళ్ళో మంచినీళ్ళు పుట్టవు. లైన్లో చెప్పుంటే మనిషున్నట్టే.

ఆ రోజు మధ్యాహ్నం దాకా షట్టరు తెరవలేదు. వెనక తలుపు మాత్రం తెరుచుకుంటూనే ఉంది. పెద్దల దగ్గర చీటీలు రాయించుకున్నవాళ్ళు ఆ తలుపులోంచి వెళ్ళి సంచులతో వస్తున్నారు. ఎవడో అరిచాడు, ఎవడో షట్టరు మీద రాయి విసిరాడు, పోలీసులు లాఠీలు తీశారు. నా వీపు మీద రెండు పడ్డాయి. జనం చెల్లాచెదురై మళ్ళీ పోగయ్యేసరికి నా చెప్పు మురుక్కాలవ పక్కన పడి ఉంది. నా చోట్లో పక్కూరి పెద్దాయన ఒకాయన నిలబడి ఉన్నాడు.

"ఏయ్, అది నా చోటు," అన్నాను.

"నాకేం తెలుసయ్యా? తోపులాటలో ఇక్కడికొచ్చి పడ్డా," అన్నాడాయన.

ఇంకో మాట మాట్లాడనివ్వలేదు. చెప్పు మీద పెట్టిన రాయి అక్కడే ఉంది. దాన్ని తీసుకుని మొహం మీద కొట్టాను. ఆయన కూలిపోయాడు. "లైన్లో చెప్పుంటే మనిషున్నట్టేరా!" అని అరుస్తూ రెండోసారి కొట్టాను. ఆ రెండో దెబ్బకి ఆయన ఎడమ కన్ను పోయింది.

సరిగ్గా అప్పుడే మా ఆవిడ అన్నం క్యారేజీ పట్టుకుని వీధి మలుపు తిరిగింది. ఆమె చంకలో నాలుగేళ్ళ మా పాప ఉంది. ఇద్దరూ చూశారు.

పెద్దమనుషులు కూర్చుని రాజీ చేశారు. ఆసుపత్రి ఖర్చు నేను పెట్టుకున్నాను, కేసు లేకుండా పోయింది. ఆయన మొహం చూడాల్సిన పని నాకు పడలేదు, నేనూ చూడబోలేదు. మా ఆవిడ మాత్రం పాపని తీసుకుని, తన ఇనప్పెట్టె పట్టుకుని అద్దంకిలో పుట్టింటికి వెళ్ళిపోయింది. ఏడాదిన్నర రాలేదు. ఎన్నిసార్లు వెళ్ళినా మా బావమరిది కాఫీ ఇచ్చి పంపేవాడు. చివరికొకసారి ఆవిడే బయటికొచ్చి పాపని నా ముందు నిలబెట్టింది.

"దీని నెత్తిమీద చెయ్యి పెట్టి చెప్పండి. ఇంకెవరి మీదా చెయ్యెత్తనని చెప్పండి."

పెట్టాను. చెప్పాను.

"ఎత్తారో, ఆ రోజే వెళ్ళిపోతా, మళ్ళీ ఈ జన్మలో రాను. అందాకా నా పెట్టె ఇక్కడే ఉంటది," అంది.

అలా పెట్టె లేకుండా కాపురానికొచ్చింది. నాలుగు చీరలు ఒక గుడ్డసంచిలో పెట్టి దండెం పక్కన మేకుకి తగిలించింది. పొద్దున లేవగానే నా కళ్ళకి ముందు ఆ సంచే కనపడేది.

ఆరేళ్ళ పాప నాతో పెద్దగా మాట్లాడేది కాదు. ఒకరోజు టీవీలో జెయింటు వీలు చూసి "నాన్నా, అది ఎక్కాలి," అంది. ఆ పిల్ల నన్ను నోరు తెరిచి అడగడం తిరిగొచ్చాక అదే మొదలు. ఇక చూస్కోండి నా హడావుడి!

గుంటూరు దాటాక హైవే పక్కన అప్పుడే కొత్తగా జెయింటు వీలున్న పార్కు ఒకటి పెట్టారు. మిరపకాయలు దించడానికి యార్డుకి వెళ్ళినప్పుడు పని కట్టుకుని అక్కడికి పోయాను. లోపలికి వెళ్ళలేదు. గేటు బయట బఠాణీల బండి పెట్టుకున్న ముసలి సాయిబుగారి పక్కన పూటంతా నిలబడి, వచ్చేవాళ్ళనీ పోయేవాళ్ళనీ చూశాను. స్పెషల్ పాసు అని ఒకటుందట. అది కొంటే చేతికి పసుప్పచ్చ పట్టీ కడతారు. ఆ పట్టీ ఉన్నవాడు ఏ లైన్లోనూ నిలబడక్కర్లేదు, పక్క గేట్లోంచి తిన్నగా వెళ్ళి ఎక్కడమే. వినగానే నాకు కొట్టు వెనక తలుపు గుర్తొచ్చి నరాలు బిగుసుకున్నాయి.

"మీకు పాసెందుకయ్యా?" అన్నాడు సాయిబుగారు. "గేటు తియ్యంగానే జనమంతా కుడిచేతి వైపు పరిగెత్తుతారు, కనపడేది అదేగా. మీరు తిన్నగా ఆ చివరికి పోయి, అక్కణ్ణుంచి వెనక్కి రండి. శనాదివారాలు రామాకండి. స్కూలు బస్సులొచ్చే రోజు అసలు రామాకండి. పెద్ద చక్రం అన్నాల వేళకి ఖాళీ."

ఇవన్నీ సిగరెట్టు పెట్టె అట్ట మీద రాసుకున్నాను. ఏ బస్సెక్కితే గేటు తియ్యకముందే చేరతామో చిలకలూరిపేట బస్టాండులో అడిగాను. అన్నాలు పదకొండింటికే తినెయ్యాలి, తడిసే ఆటలు ముందు, తల తిరిగేవి తినకముందు. మా ఆవిడ ఆ అట్ట చదివి చాలా రోజుల తర్వాత నవ్వింది.

"చేనుకి మందు కొట్టడానికి కూడా ఇంత ఆలోచించలేదు మహానుభావుడు," అంది.

మంగళవారం వెళ్ళాం. నిజం చెప్పాలంటే అట్ట మీద రాసింది రాసినట్టే జరిగింది. గేటు తీశారు, జనం కుడివైపు పరిగెత్తారు, మేం ముగ్గురం చివరికి నడిచాం. పడవ ఎక్కాం, గుర్రాలు ఎక్కాం, నీళ్ళలో జారాం. పాప నా వేలు పట్టుకుని నన్ను లాక్కుపోతోంది. పదకొండింటికి నీడన కూర్చుని పులిహోర తింటుంటే, కుడివైపు పరిగెత్తినవాళ్ళు చెమటలు కక్కుతూ ఇంకా మొదటి ఆట లైన్లోనే ఉన్నారు. గెలిచానురా అనుకున్నాను.

అన్నాల వేళకి చక్రం దగ్గరికి వెళ్ళాం. ఏదో మరమ్మతని ఆపేశారు. ఒంటిగంటకి మొదలెడతామన్నారు. ఇనప కడ్డీల మధ్య అప్పటికి పదిమందే ఉన్నారు. నేల కాలిపోతోంది, తలదాచుకోవడానికి నీడ లేదు. నేనేం చేశానంటే, మావాళ్ళెవరైనా చేసేదే చేశాను. పాప ఎడమకాలి చెప్పు విడిపించి పదకొండో చోట పెట్టి, తోటపని వాళ్ళు వదిలేసిన రాయొకటి తెచ్చి దానిమీద పెట్టి, నాలుగడుగుల దూరంలో ఉన్న రసం కొట్టు పందిరి కిందికి వెళ్ళి కూర్చున్నాం. పక్కన నిలబడ్డవాళ్ళు నన్ను వింతగా చూశారు. చూడనీ అనుకున్నాను.

గేటు తీసేసరికి మేం లేచి వెళ్ళాం. అప్పటికే వెనకొచ్చినవాళ్ళు చెప్పుని దాటుకుని ముందుకు జరిగిపోయారు. యాభైమంది ఉంటారు. కర్ర పట్టుకున్న కాపలావాడు మా చెప్పునీ రాయినీ పక్కకి నెట్టేశాడు.

"బాబూ, అది మా చోటండీ," అన్నాను. అండీ అన్నాను, నమ్మండి.

"ఏంటి, చెప్పులు ఎక్కుతాయా జెయింటు వీలు?" అన్నాడు వాడు. లైన్లో వాళ్ళందరూ ఒక్కసారి నవ్వారు. "పో పో, వెనక్కి పో," అని కర్ర నా గుండెకి ఆనించి తోశాడు.

నా చేతులు పైకి లేస్తున్నాయి, నాకు తెలుస్తోంది. మెడలో కండువా తీసి రెండు కొసలూ రెండు చేతుల్తో వీపు వెనక గట్టిగా పట్టుకున్నాను. మా ఆవిడ అది చూసింది. 

"వద్దు, వెళ్ళిపోదాం," అంది.

అప్పుడే పసుప్పచ్చ పట్టీల కుటుంబం ఒకటి పక్క గేట్లోంచి వచ్చింది. తండ్రి, తల్లి, మా పాప ఈడు పిల్ల. దారికి అడ్డంగా ఉన్న మా పాప చెప్పుని ఆ పిల్ల కాలితో తన్నింది. పిల్లచేష్ట, అంతే. చెప్పు వెళ్ళి కడ్డీల అవతల పడింది.

మా పాప వంగింది. చెప్పు తెచ్చుకోవడానికనుకున్నాను. రాయి తీసింది. రెండు చేతులా ఎత్తి ఆ పిల్ల మొహం మీద కొట్టింది. కనుబొమ్మ చీలి నెత్తురు బొటబొటా కారింది.

"లైన్లో చెప్పుంటే మనిషున్నట్టేరా!" అని అరిచింది నా కూతురు. నా గొంతే, నా మాటే. రెండోసారి ఎత్తింది.

కండువా ఎప్పుడు వదిలేశానో తెలీదు. దాని మణికట్టు పట్టుకున్నాను. రాయి నా పాదం మీద పడింది. ఆ పిల్ల తండ్రి "ఒరేయ్!" అంటూ నా కూతురి మీదికి వస్తున్నాడు. పాపని కింద పడుకోబెట్టి, దానిమీద బోర్లా వంగి, మోకాళ్ళూ మోచేతులూ నేలకి ఆనించాను. వాడు నా డొక్కలో తన్నాడు. జుట్టు పట్టి మొహం పైకి లాగి కొట్టాడు. కాపలావాడి కర్ర వీపు మీద పడుతూనే ఉంది. లైన్లో నవ్వినవాళ్ళు కూడా ఇద్దరు ముగ్గురొచ్చి తలా ఒకటి వేసి పోయారు. ముందు పన్ను ఒకటి విరిగి నాలుక మీదికొచ్చింది. వాణ్ణి లేచి ఒక్కటి పీకితే పడిపోతాడని నాకు తెలుసు, బక్కమనిషి. కింద పాప గుండె నా గుండెకి తగులుతోంది. లేవలేదు.

చివరికి ఆ పిల్ల తల్లే "ఆపండి, చచ్చిపోతాడు, ముందు దీన్ని ఆసుపత్రికి తీసుకెళ్దాం!" అని ఏడ్చింది. ఆపారు. లేచి ఆ తండ్రి కాళ్ళు పట్టుకున్నాను. పిల్ల కంటికేమైందో చూడండి బాబూ అన్నాను. పార్కు నర్సు తుడిచి, కన్ను బాగానే ఉంది, పైన కుట్లు పడతాయంది.  మమ్మల్ని చెత్త బళ్ళు వచ్చే వెనక గేట్లోంచి బయటికి తోసేశారు.

బస్సులో మా ఆవిడ కొంగు తడిపి నా మూతి తుడిచింది.  పాప ఒక కాలికే చెప్పుతో కిటికీ పక్కన కూర్చుంది. చిలకలూరిపేట దాకా నన్ను చూడలేదు.

"నాన్నా," అంది ఉన్నట్టుండి. "నువ్వు ఆ తాతని రెండుసార్లు కొట్టావుగా. నన్నెందుకు పట్టుకున్నావు?"

నా నోట్లో నెత్తురు. మింగి చెప్పాను.

"నేను తప్పు చేశానమ్మా. వెనక తలుపులోంచి పోయినవాళ్ళని ఏం చెయ్యలేక, దొరికినాయన్ని కొట్టాను."

"తాతకి చెప్పావా?"

"లేదు."

"అమ్మకి చెప్పావా?"

లేదు. మా ఆవిడ కిటికీలోంచి పొలాల వైపు చూస్తోంది. మిరప తోటలు ఎర్రగా ఉన్నాయి. 

మర్నాడు పొద్దున పాపని తీసుకుని పక్కూరు వెళ్ళాను. వాచిన మొహంతో ఆ రెండు మైళ్ళూ నడిచాను. పెద్దాయన ఇంటి ముందు ఎవరూ లేరు. గుమ్మంలో చెప్పులు విడిచి నిలబడ్డాను. పాపకి విడవడానికి చెప్పులు లేవు.

ఆయన మంచం మీద నుంచి లేచి వచ్చాడు. కుడి కన్ను నా వైపు పడేలా తల పక్కకి తిప్పి చూశాడు. గుర్తుపట్టాడు. నేను దణ్ణం పెట్టాను. 

"నా గుమ్మం ముందు లైనేం లేదుగా అబ్బాయ్," అన్నాడాయన. "ఇన్నాళ్ళు పట్టిందేం?"