క్లైమాక్స్‌లో వచ్చే దేవుడు

మాస్ సినిమాల్లో దేవుణ్ణి వెతకడం అప్పట్లో నాకు పిచ్చి. దిల్‌సుఖ్‌నగర్ థియేటర్లో జనం విజిల్స్ వేస్తుంటే నేను చీకట్లోనే నోట్‌బుక్‌లో గిలికేదాన్ని. హీరో ఎంట్రీ అంటే అవతారం, ఫ్లాష్‌బ్యాక్ అంటే పూర్వజన్మ, క్లైమాక్స్ అంటే శరణాగతి. చిన్న పత్రిక ఒకటి నెలనెలా ఆ వ్యాసాలు వేసేది. పదిమంది మెచ్చుకుంటే నా కాళ్లు నేల మీద నిలిచేవి కావు. అమ్మ మాత్రం సినిమాకు రాదు. నల్లగొండ పల్లె నుంచి వచ్చి వనస్థలిపురంలో ఇన్నేళ్లున్నా, ఆమెకు దేవుడంటే కర్మన్‌ఘాట్ హనుమంతుడే.

తెలంగాణ ఉద్యమం రోజులవి. అమ్మ కంటికి శుక్లాల ఆపరేషన్ అయిన మర్నాడే బంద్. రోడ్లు మూయకముందే, కట్టు విప్పించడానికి పొద్దున్నే స్కూటీ మీద దిల్‌సుఖ్‌నగర్ దవాఖానలో దింపాను. "అయిపోంగనే ఫోన్ చెయ్యమ్మా, ఒస్తా" అని ఇంటికొచ్చేశాను. సాయంత్రానికి వ్యాసం పంపాలి మరి. ఆమె పక్కన కూర్చోవచ్చు. కూర్చోలేదు.

పది గంటలకు ఫోన్ వచ్చింది.

"అయిపోయింది బిడ్డా. గేటుకాడ కూసున్న."

"పది నిమిషాలల్ల ఒస్తున్నమ్మా."

ఆ వారం చూసిన సినిమాలో చెల్లెలు "అన్నా" అని అరవగానే హీరో పెళ్లిపీటల మీంచి లేచి, బాసికంతోనే పరిగెత్తుతాడు. మొసలి పట్టిన ఏనుగు మొరపెట్టుకుంటే భార్యకైనా చెప్పకుండా ఉరికొచ్చిన దేవుడు గుర్తొచ్చాడు నాకు. ఇక కలం ఆగలేదు. "పిలుపుకీ రాకకీ మధ్య ఒక్క క్షణం కూడా ఉంచనివాడే దేవుడు" అన్న వాక్యాన్ని నాలుగుసార్లు కొట్టేసి రాశాను. తలెత్తి చూస్తే పన్నెండున్నర. చెప్పేవి శ్రీరంగనీతులంటారే, అది నా గురించే.

స్కూటీ తీసి బయల్దేరితే, దారిలో ఎల్బీనగర్ చౌరస్తాలో వంటావార్పు జరుగుతోంది. నిరసనగా నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి వండుకుని తింటున్నారు. స్కూటీ వదిలేసి నడిచాను. టెంటు కింద, పొయ్యిల పక్కనే, నల్లద్దాలు పెట్టుకుని అమ్మ కనిపించింది. గేటు దగ్గర ఎండకు తాళలేక, నేను ఎదురొస్తానని డివైడర్ పట్టుకుని అంత దూరం నడిచొచ్చిందట. ఉద్యమకారులే నీడన కూర్చోబెట్టి కిచిడీ పెట్టారు. కట్టెల పొగకు నీళ్లు కారుతుంటే కొంగుతో ఆపరేషన్ అయిన కన్నే తుడుచుకుంటోంది.

"ఎవరి బండన్న ఎక్కి రాకపోయినవా?" అని కసిరాను. తప్పు నాదైతే నాకు కోపం ముందొస్తుంది.

"నువ్వు ఒస్తా అంటివి గద బిడ్డా."

కంటికి చీము పట్టింది. నెలన్నర దవాఖాన చుట్టూ తిరిగాం. చివరికి ఆ కంటికి వెలుగూ నీడా తప్ప ఏమీ మిగల్లేదు. చూడ్డానికొచ్చిన చుట్టాలకు పొగవల్ల అన్నాను, దుమ్మువల్ల అన్నాను. నావల్ల అని ఒక్కరికీ చెప్పలేదు.

వ్యాసం అచ్చయింది. అందరూ ఆ వాక్యాన్నే మెచ్చుకున్నారు. ఏం రాశావో చదవమని అమ్మ అడిగింది. తప్పించుకోలేక చదివాను. ఆ వాక్యం వచ్చింది. దాటేద్దామనుకున్నాను గానీ, అదైనా దాచకూడదని చదివేశాను.

అమ్మ తడుముకుని నా చెయ్యి పట్టుకుంది. ఎత్తిపొడవడం ఆమెకు రాదు. నన్ను ఓదార్చడానికే అన్నది.

"దేవునికేంది బిడ్డా, ఆయనకు రాసే పని లేకుండె. గందుకే జల్ది ఉరికొచ్చిండు."